నల్లరాతి లోపల బతుకమ్మ ఆట

ధర్మాబాద్ దగ్గర గోదారి ఇసుకలో ఒకసారి అయస్కాంతం ఈడ్చి చూడండి. పాడైన స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి బిళ్ళ చాలు. ముందు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టాలి. కిందటి ఎండాకాలం మా మేనల్లుడు చుట్టకుండానే ఇసుకలో ముంచాడు. నల్ల రజను నూగుమీసంలా లేచి నిలబడింది, గోటితో గీకినా వదల్లేదు. "మామా, ఇసుకల ఇనుము ఎట్లొచ్చింది?" అన్నాడు.

ఎగువన మహారాష్ట్రలో పరుచుకున్న నల్లరాతి నుంచి వచ్చింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారి గడ్డకట్టిన లావా అది. నాందేడ్ జిల్లా తూర్పు అంచుకి, అంటే మా వైపుకి, వచ్చేసరికి పలచబడి గ్రానైట్‌కి చోటిస్తుంది. ఆ నల్లరాతిలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. పెద్దవాళ్ళు చెప్పే సూదంటు రాయి కూడా మాగ్నటైటే.

వాడికి అంతే చెప్పాను. అసలు విడ్డూరం కంటికి కనిపించే రజనులో లేదు. రాతి లోపల, మిల్లీమీటరులో పదివేలో వంతు ఉండే రేణువుల్లో ఉంది. 100 నానోమీటర్లంటే అంతే మరి.

మాగ్నటైట్‌లో ఎలక్ట్రాన్లు ఒక్కోటీ ఒక బుల్లి దిక్సూచి ముల్లు లాంటివి. ఈ గుణాన్నే స్పిన్ అంటారు. రేణువు బాగా చిన్నదైతే ఈ ముళ్ళన్నీ బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఒకే వైపు తిరిగి ఉంటాయి. (నిజానికి కొన్ని ఎదురు దిక్కు చూస్తాయి, అవి పోగా మిగిలిన వాటి లెక్క ఇది.) పక్కవాడు ఎటు చూస్తే అటే చూడాలన్నది వాటి మొదటి పట్టు. కానీ అలా నిలబడితే రేణువుకి ఒక కొసన ఉత్తర ధ్రువం, ఇంకో కొసన దక్షిణ ధ్రువం తేలి, అయస్కాంత క్షేత్రం బయటికి చిమ్ముతుంది. దానికి శక్తి ఖర్చవుతుంది. రేణువు పెరిగే కొద్దీ ఆ ఖర్చు భరించలేనంత అవుతుంది. సుమారు 80 నానోమీటర్లు దాటేసరికి ముళ్ళు వరస మార్చుకుని గుండ్రంగా తిరిగి నిలబడతాయి. ఈ అమరికనే సుడి అంటారు.

బతుకమ్మ ఆట గుర్తు చేసుకోండి. ముందున్న ఆమె వీపు వైపు చూస్తూ, వలయంలో వలయంగా అందరూ తిరుగుతుంటారు. పక్కనున్నవాళ్ళు దాదాపు ఒకే వైపు చూస్తున్నారు, అయినా మొత్తం గుంపుకి ఒక దిక్కంటూ లేదు. క్షేత్రం లోలోపలే చుట్టుకుంటుంది. మరి నట్టనడుమ? అక్కడ తిరగడానికి చోటుండదు. అందుకే నడిమి ముళ్ళు బతుకమ్మలాగే నిట్టనిలువుగా లేస్తాయి. ఈ సుడికి ప్రాణం ఆ నడిమి కణుపే.

2000లో జపాన్ శాస్త్రవేత్తలు నికెల్, ఇనుము కలిసిన పర్మల్లాయ్‌తో సన్నటి బిళ్ళలు చేసి, ఒక్కో బిళ్ళ నడుమ ఆ కణుపుని చుక్కలా చూడగలిగారు. అది పైకైనా చూడొచ్చు, కిందికైనా చూడొచ్చు. తిరగేయాలంటే మామూలుగా చాలా బలమైన క్షేత్రం కావాలి. అయితే 2006లో ఒక తమాషా బయటపడింది. అందులో వందో వంతు కూడా లేని, 1.5 మిల్లీటెస్లాల క్షేత్రాన్ని సుడి సహజమైన ఊపుకి తగ్గ లయలో క్షణకాలం కొడితే చాలు, కణుపు తలకిందులైంది. ఉయ్యాలని సమయం చూసి తోసినట్టు. కాబట్టి సుడి గట్టిదా కాదా అని అడిగితే, దేనికి గట్టిదని ఎదురు అడగాల్సిందే. నాకైతే ఈ ప్రయోగమే మొత్తం కథలో ఇష్టమైన ముక్క.

మళ్ళీ మన రాయి దగ్గరికి. లావా చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ దిగాక మాగ్నటైట్ అయస్కాంతంగా మారుతుంది. ఆనాటి భూమి క్షేత్రం ఎటుంటే అటు గుర్తు పడిపోతుంది. క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ అనే ముగ్గురు 1956లో దక్కన్ రాళ్ళలోని, అంటే మన నల్లరాతిలోని, ఈ గుర్తుని చదివి, ఆ లావా పారినప్పుడు మన నేల భూమధ్యరేఖకి దక్షిణాన ఉండేదని చూపించారు. భారతదేశం ఉత్తరానికి జరిగిందనడానికి అదొక సాక్ష్యం. బాగానే ఉంది కానీ, ఆ సాక్షిని ఎంతవరకు నమ్మాలి? రాతిలో ఈ గుర్తు ఎలా నిలుస్తుందో చెప్తూ ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ నేల్ 1949లో ఇచ్చిన సిద్ధాంతం ఒకే వైపు చూసే చిన్న రేణువులకే చక్కగా సరిపోతుంది. రాళ్ళలో గుర్తు మోసేవి చాలావరకు అంతకన్నా పెద్దవి, సుడి తిరిగినవి. వాటి జ్ఞాపకశక్తి మీద అనుమానం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

2017లో కంప్యూటర్ లెక్కలు వేసి చూస్తే, సుడి రేణువులు వందల కోట్ల ఏళ్ళు గుర్తుని పట్టి ఉంచగలవని తేలింది. కణుపు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి మళ్ళాలంటే దాటాల్సిన గట్టు అంత ఎత్తు, మామూలు వేడి చాలదు. అయితే 100 నానోమీటర్లకి కాస్త ఇటు ఒక ఇరుకు సందుంది. సుడి అప్పుడే పుట్టి, ఏ అక్షం వెంట నిలబడాలో తేల్చుకోని పరిమాణం అది. అక్కడ గట్టు కూలిపోతుంది, గుర్తు చెరిగిపోతుంది. చిత్రమేమిటంటే దానికన్నా కాస్త చిన్నవీ నమ్మకస్తులే, కాస్త పెద్దవీ నమ్మకస్తులే.

రాతి నుంచి ఈ గుర్తు చదవాలంటే, ముక్క కోయకముందే అది ఎటు తిరిగి ఉందో గీత గీసుకోవాలి. కదిలిన రాయి పనికిరాదు. మా పాత ఇంటి గోడంతా నల్లరాయే. మేస్త్రీ చదునైన ముఖం చూసుకుని పేర్చాడు కాబట్టి, అందులో ఒక్కో రాయి ఒక్కో ఉత్తరం చూపిస్తూ ఉంటుంది.