బావిలో దొరికిన నాటకశాల

ఇటలీలో నేపుల్స్ పక్కనున్న రెసీనా ఊళ్లో 1709 ప్రాంతంలో ఒక రైతు బావి లోతు చేయిస్తుంటే పాలరాయి పలకలు బయటపడ్డాయి. ఆ దగ్గర్లోనే మేడ కట్టుకుంటున్న ప్రిన్స్ డెల్బఫ్ అనే సైనికాధికారికి సంగతి తెలిసింది. ఆయనకు కావలసింది కూడా పాలరాయే. వెంటనే ఆ స్థలం కొనేసి, బావి అడుగు నుంచి పక్కలకు సొరంగాలు తవ్వించాడు. మంచి విగ్రహాలు దొరికాయి. మూడు స్త్రీమూర్తులు వియన్నా చేరి, తర్వాత జర్మనీలోని డ్రెస్డెన్‌కు వెళ్లాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తను తవ్వుతున్నది ఏదో గుడి అనుకున్నాడాయన. నిజానికి ఆ బావి దిగింది ప్రాచీన హెర్క్యులేనియం నగరపు నాటకశాల వేదిక దగ్గరికి.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు దగ్గర్లోని పాంపేయి నగరం మీద ముందు తేలికపాటి గుల్లరాళ్లు వానలా కురిశాయి. హెర్క్యులేనియం మీదికి మాత్రం వందల డిగ్రీల వేడితో బూడిద, వాయువు కలిసి వరదలా దొర్లుకొచ్చాయి, అదీ ఒకసారి కాదు. ఆ బూడిదంతా పేరుకుని, కాలక్రమంలో గట్టిపడి రాయైంది. మందం ఇరవై మీటర్లకు పైనే, అంటే ఆరేడు అంతస్తుల మేడంత. పాంపేయిలో పారతో అయ్యే పనికి ఇక్కడ పలుగు కావాలి.

1738లో నేపుల్స్ రాజు చార్లెస్ మళ్లీ పని మొదలుపెట్టించాడు. సైనిక ఇంజినీరు అల్కుబియెర్రే చేతికి అప్పగించాడు. ఆ డిసెంబరులో దొరికిన శాసనంతో అది నాటకశాల అని తేలింది: కట్టించినవాడు అన్నియస్ మమ్మియానస్ రూఫస్, వాస్తుశిల్పి నుమీసియస్. వాస్తుశిల్పి పేరు కూడా చెక్కించారంటే ముచ్చటేస్తుంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు కట్టడం అది. కొండవాలు ఆసరా లేకుండా కమానుల మీద నిలబెట్టారు. సుమారు 2,500 మంది కూర్చునేవారు.

అయితే రాజుగారి తవ్వకాన్ని పరిశోధన అనడానికి నాకు మనసొప్పదు. దివిటీల పొగలో సన్నటి సొరంగం తొలవడం, విగ్రహమో పాలరాయో దొరికితే ఊడబెరికి పైకి పంపడం, ఇదీ వరస. ఒక సొరంగంలో తవ్విన మట్టినే ఇంకో ఖాళీ సొరంగంలో పోసేవారు. 1750లో కార్ల్ వెబర్ అనే స్విస్ ఇంజినీరు చేరాకే కొలతలు, పటాలు శ్రద్ధగా గీయడం మొదలైంది.

హెర్క్యులేనియంలో కొంత భాగాన్ని తర్వాత పైనుంచి తవ్వి ఎండలోకి తెచ్చారు. నాటకశాలకు ఆ యోగం పట్టలేదు. పైన ఊరుంది, ఇళ్లున్నాయి. అందుకే ఇప్పటికీ మెట్లు దిగి, చెమ్మగా ఉండే ఆ పాత సొరంగాల్లోనే చూడాలి. వాటిలో ఒకచోట రాతిలో మనిషి మొహం అచ్చు కనిపిస్తుంది. మెత్తటి బూడిద ఒక విగ్రహాన్ని కప్పి అలాగే గట్టిపడింది. విగ్రహాన్ని తీసుకెళ్లారు. కళ్లు, ముక్కు, పెదవులు గోడలో ఉండిపోయాయి.