ముందు క్యూసెక్కులు అడగండి, తర్వాత తెడ్డు పట్టుకోండి

వానలు మొదలైతే నెల్లూరు జిల్లాలో టీ కొట్టు దగ్గర కూడా పెన్నా మీది సోమశిల డ్యామ్ లెక్కలే. ఇన్‌ఫ్లో ఎంత, కిందికి ఎంత వదులుతున్నారు, ఆ నీళ్లు సంగానికి ఎప్పటికి చేరతాయి అని చదువు రాని పెద్దాయన కూడా అడుగుతాడు. అదే మన కుర్రాళ్లు నలుగురు కలిసి రిషికేశ్‌లో రాఫ్టింగో కయాకింగో అనుకున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. వీడియోలు చూస్తారు, రేటు అడుగుతారు, గ్రేడ్ ఎంతని అడుగుతారు, త్రీ అని చెప్పగానే మోస్తరే కదా అని జీటీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసేస్తారు.

రాపిడ్, అంటే రాళ్ల మధ్య నీరు ఉరుకులు పెట్టే చోటు, ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ ఒకటి నుంచి ఆరు దాకా ఉంటుంది. ఒకటంటే చిన్న అలలు, ఆరంటే ప్రాణాల మీదికి వచ్చేది. మూడులో అలలు తీరూతెన్నూ లేకుండా లేస్తాయి, రాళ్ల మధ్య పడవను గబగబా తిప్పుకోవాలి, కాబట్టి కొంత అనుభవం ఉండాలి. అయితే ఆ అంకె నది నుదుటి మీద రాసి ఉండదు. ఫలానా నీటిమట్టంలో ఆ చోటు అలా ఉంటుందని మాత్రమే దానికి అర్థం. నీళ్లు పెరిగితే కొన్ని రాళ్లు మునిగిపోయి దారి సులువవుతుంది, మరికొన్ని చోట్ల మూడు కాస్తా నాలుగవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, రాళ్ల వెనక నీరు వెనక్కి తిరిగి కాస్త నిదానించే చోట్లు, అంటే ఎడ్డీలు, వరదలో చాలావరకు మాయమైపోతాయి. పడవ ఆపి ఊపిరి పీల్చుకునేది అక్కడే. అవి లేకపోతే ఒకచోట బోల్తా పడినవాడు తేరుకునేలోపే తర్వాతి రాపిడ్ వచ్చేస్తుంది.

నీటి వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. చెరువులో ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే నీళ్లలో పడగానే కాళ్లు ఆనించి నిలబడాలనిపిస్తుంది. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందంటే వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది, దానికి నడుంలోతు కూడా అక్కర్లేదు. వెల్లకిలా తేలుతూ, పాదాలు నీరు పోయే వైపు పెట్టి, కాలివేళ్లు పైకి కనిపించేలా ఉంచాలి. నిజంగా నిదానించిన నీళ్లలోకి వచ్చాకే లేవాలి.

ఇక రిషికేశ్‌కు నీళ్లెక్కడివి? భాగీరథి, అలకనంద దేవప్రయాగలో కలిసి గంగ అవుతాయి. భాగీరథి మీద టెహ్రీ డ్యామ్ ఉంది. అంటే అక్కడా వాన, మంచుతో పాటు గేట్ల లెక్క ఉంది. శివపురి నుంచి రిషికేశ్ దాకా దాదాపు 16 కిలోమీటర్లలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటి పేరున్న రాపిడ్స్ వస్తాయి. జులై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ ఆపేస్తారు. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గరి కుండలిక నదిది ఇంకో తీరు, పైనున్న జలవిద్యుత్ కేంద్రం నీళ్లు వదిలితేనే ఆ రోజు పరుగు, ఆలస్యంగా లేచినవాళ్లకి రాళ్లే మిగులుతాయి. ఉత్తరాదిన లెక్క క్యూమెక్కుల్లో, అంటే సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లని, చెబితే 35తో గుణించండి, మనకు తెలిసిన క్యూసెక్కులు వస్తాయి. 200 క్యూమెక్కులంటే 7 వేల క్యూసెక్కులన్నమాట. ఎంత దాటితే దిగకూడదో ముందు రోజే స్థానిక గైడ్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి, ఒడ్డున నిలబడ్డాక ఆ ఊపులో ఎవరూ వద్దనరు. పడవ ఎక్కడ ఎక్కాలో కంటే ఎక్కడ ఒడ్డుకు చేర్చి దిగాలో ముందు చూసుకోండి. హెల్మెట్, లైఫ్ జాకెట్, విసిరే తాడు, కనీసం మూడు పడవలు, వీటిలో ఏది తగ్గినా ప్రయాణం మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

పైనుంచి చూస్తే నీరు ఇంగ్లీషు వి ఆకారంలో కనిపిస్తుంది. దాని కొన దిగువకి ఉంటే మామూలుగా దారి ఉన్నట్టు, ఎగువకి ఉంటే అక్కడ రాయి దాక్కున్నట్టు. అనుమానమొస్తే ఒడ్డుకొచ్చి నడిచి చూడాలి.

వెళ్లేముందు పెన్నాలో ప్రాక్టీస్ చేద్దామనుకునే వాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎండాకాలం ఇసుక తప్ప ఏమీ కనిపించని ఈ నదిలోకి 2021 నవంబరులో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఆ వరదను చూసి అందరూ భయపడతారు, కానీ ఆనకట్ట మీదుగా సన్నగా, ఒకే తీరుగా జారే నీళ్లను చూసి ఎవరూ భయపడరు. గోడ దాటి కిందపడిన నీరు అడుగుకి దిగి, పైకి లేచి, మళ్లీ గోడ వైపే తిరుగుతుంది. అందులో పడ్డ మనిషిని, దుంగని, పడవని అక్కడే తిప్పుతూ ఉంటుంది. పైగా ఆ నురగలో సగం గాలే కావడంతో లైఫ్ జాకెట్ కూడా సరిగా తేల్చదు. నది అడ్డంగా అంతటా గోడే కాబట్టి పక్కకి తప్పుకోవడానికి సందు దొరకదు. కాపాడబోయినవాళ్లు కూడా అందులోనే పోతారు. సంగం, నెల్లూరు బ్యారేజీల దిగువన పడవ దింపొద్దు. చెరువు కలుజు, అంటే నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ, పారుతున్నప్పుడు దాని కింద కూడా అంతే, పైన పారేది జానెడు నీళ్లే అయినా సరే.