కడుపు నిండినా ఇంకా తినాలనిపిస్తా ఉందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డైటీషియన్‌గా పన్జేస్తా ఉండా. నా దగ్గరికొచ్చేవాళ్లలో చానామంది కుర్చీలో కూర్చోగానే "మేడమ్, నాకు నోరు కట్టుకునేది చేతకాదు" అంటారు. బరువెంతో షుగరెంతో చెప్పకముందే ఈ మాట, అదీ తలొంచుకోని, ఏదో తప్పు చేసినట్టు. వింటే నాకు బాధగా ఉంటుంది, అందుకే దాంతోనే మొదలుపెడ్తా.

అపోహ: ఎక్కువ తినేది నోటి మీద అదుపు లేకనే.

వాస్తవం: ఆకలి మన పట్టుదల మీద నడిచేది కాదు. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి తినమని మెదడుకి చెప్తుంది, తినేకొద్దీ కడుపు సాగుతుంది, పేగుల్లోంచి జీఎల్పీ-1 లాంటి హార్మోన్లు వస్తాయి, ఇవన్నీ కలిసి "ఇంక చాలు" అని కబురు పంపిస్తాయి. ఆ కబురు బాగా అందేదానికి 15-20 నిమిషాలు పడుతుంది, మనం ఫోన్ చూస్తా 8 నిమిషాల్లో ప్లేటు ఖాళీ చేసి రెండోసారి అన్నం పెట్టించుకోనుంటాం. నిద్ర తక్కువైనా ఆకలి పెరుగుతుంది. లాడ్జీల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు, తెల్లారుజామునే బండెక్కే డ్రైవర్లు ఈ ఊర్లో ఎంతమందో, వాళ్లని "అదుపు లేదు" అని తిట్టి ఏం లాభం చెప్పండి.

అపోహ: రాత్రి పెండ్లి భోజనం ఉంది, మధ్యాహ్నం మానేస్తే లెక్క సరిపోతుంది.

సరిపోదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి 9 గంటలకి కల్యాణ మండపంలో ఆకు ముందర కూర్చుంటే అప్పుడు నిదానంగా తినడం ఎవరివల్లా కాదు. పైగా అక్కడ ఇంకో సంగతి ఉంది. ఒకే రుచి తింటా ఉంటే దాని మీద ఇష్టం తగ్గిపోతుంది, కొత్త రుచి రాగానే మళ్లీ మొదలవుతుంది. పులిహోర చాలు అనిపించినాక కూడా పాయసానికి కడుపులో చోటు దొరికేది అందుకే, అది మీ లోపం కాదు, అందరి మెదడూ అంతే. ఆకు మీద పదిహేను రకాలుంటే ఎక్కువ తింటాం. మధ్యాహ్నం మామూలుగా తినేసి పోండి, మండపంలో నిజంగా ఇష్టమైన మూడు నాలుగు రకాలు పెట్టించుకోని, తక్కిన వాటికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లయితే పూట అసలు మానొద్దు, షుగర్ పడిపోవచ్చు.

అపోహ: రాగి సంగటి అయితే ఎంత తిన్నా పర్లేదు, సన్నబడతాం.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాల, ఎందుకంటే మన చిత్తూరు వైపు సంగటి అంటే ప్రాణం, నాకూ అంతే. 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు, కాల్షియం అయితే బియ్యానికి అందనంత ఎక్కువ. కానీ పిండి పదార్థం, క్యాలరీలు చూస్తే రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి, మన ఇండ్లల్లో సంగట్లో బియ్యం కూడా వేస్తాం కదా. ఇంకోటి, సంగటి నమలరు, పులుసులో ముంచి మింగుతారు, దాంతో రెండు ముద్దలు ఎప్పుడు లోపలికి పోయినాయో తెలీదు. అందుకని నేను చెప్పేది చిన్న ముద్ద ఒకటి పెట్టుకోండి, పక్కన పుల్లగూరో నాటుకోడి ముక్కలో ఎక్కువ పెట్టుకోండి, ముక్కలైతే నమిలి తినాల కాబట్టి టైము పడుతుంది, మాంసకృత్తులు కూడా దొరుకుతాయి. చెనిక్కాయల ఊరిమిండి, అంటే పల్లీల పచ్చడి, మంచిదే, అయితే స్పూన్ల లెక్కన, గిన్నె లెక్కన కాదు.

అసలు తృప్తి దగ్గర పెద్ద తేడా తెచ్చేది ఈ మాంసకృత్తులే. ప్లేటు నిండా అన్నం పెట్టుకోని రసం పోసుకోని తిన్నాయన కడుపు పట్టేసిందంటాడు, నాలుగు గంటలకల్లా బొరుగుల మసాలాకి రోడ్డు మీదికొస్తాడు. అదే అన్నం సగం తగ్గించి గట్టి పప్పు, గుడ్డు, ఒక కూర, చివర్లో పెరుగు పెట్టుకుంటే సాయంత్రం దాకా ఆకలి జోలికే పోడు. కడుపు నిండేది వేరు, తృప్తి వేరు.

అపోహ: ప్యాకెట్ తిండైనా ఇంటి తిండైనా క్యాలరీలు ఒకటే అయితే ఒకటే.

2019లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో 20 మందిని అక్కడే ఉంచుకోని రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టినారు. ముందర పెట్టిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లో సమానమే, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, తొందరగా కూడా తిన్నారు. చిప్స్ ప్యాకెట్ సగంలో ఆపలేకపోతున్నామని వచ్చే పిల్లల తల్లులకి ఇది తప్పకుండా చెప్తా.

అపోహ: లడ్డు ఇంట్లో ఉండకూడదు.

మన ఊర్లో అది అయ్యే పనేనా! వద్దు వద్దు అని మనసులో అనుకునేకొద్దీ రాత్రిపూట ఫ్రిజ్ ముందర నిలబడి తినేస్తారు. శ్రీవారి లడ్డు ఒకటి సుమారు 175 గ్రాములు ఉంటుంది, ఇంటిల్లిపాదికీ పంచుకునే ప్రసాదం అది. భోజనం అయినాక కూర్చోని, మీ వంతు చిన్న ముక్క నోట్లో కరిగిందాకా తినండి.

ఇంక ఆడవాళ్లకి ఒక మాట. పిల్లోడి ప్లేట్లో మిగిలింది, గిన్నెలో అడుగున ఉండేది "పారేస్తే పాపం" అని మీరే తినేస్తా ఉంటారు, రోజుకి మూడు పూటలా. అన్నం పారేయకూడదు, నిజమే. అయితే పిల్లోడికి మొదట్లోనే తక్కువ పెట్టండి, అడిగితే మళ్లీ పెట్టొచ్చు. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అందరూ తిన్నాక ఒక్కరే వంటింట్లో నిలబడి తినే అలవాటు కూడా మానండమ్మా, కూర్చోని తినండి, మీ భోజనం కూడా భోజనమే.

ఎవరికైనా దాచుకోని దాచుకోని తినేది, ఆపాలన్నా ఆపలేకపోయేది, తిన్నాక వేలు పెట్టి కక్కేది ఉంటే మాత్రం అది డైట్ చార్టుతో పోయేది కాదు, జబ్బు, దానికి వైద్యం ఉంది. సైకియాట్రిస్ట్ దగ్గరికి పోండి, ఒక్కరే పోలేకపోతే ఇంట్లో నమ్మకమైన మనిషిని ఒకర్ని తోడు పిలుచుకోని పోండి.