ఫిర్యాదు ఎవరు చెయ్యాలి? నార్వే బడుల నలభై ఏళ్ల అనుభవం

"పిల్లలన్నాక కొట్టుకుంటారు, సాయంత్రానికి మళ్లీ కలిసిపోతారు." బడిలో పిల్లాణ్ణి ఎవరో ఏడిపిస్తున్నారని చెబితే పెద్దవాళ్లు ఎక్కడైనా అనే మాటే ఇది. నార్వేలో ఈ మాట 1982 చివర్లో గొంతుకు అడ్డం పడింది. దేశం ఉత్తరాన 10 నుంచి 14 ఏళ్ల లోపు అబ్బాయిలు ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారని, తోటి పిల్లల వేధింపులే కారణమై ఉండొచ్చని పత్రికల్లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం దేశమంతటా బుల్లీయింగ్ (తోటి పిల్లల్ని వేధించడం) వ్యతిరేక ప్రచారం మొదలుపెట్టింది.

అప్పటికి ఈ విషయాన్ని పరిశోధనగా తీసుకున్నవాడు దాదాపు ఒక్కడే. స్వీడన్‌లో పుట్టి నార్వే నగరం బెర్గెన్‌లో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్. స్టాక్‌హోమ్ పక్కనే ఉన్న సోల్నాలో బడి అబ్బాయిలను గమనించి 1973లోనే పుస్తకం రాశాడు. గుంపు మొత్తం ఒకడి మీద ఎగబడటమే బుల్లీయింగ్ అని అంతకుముందు స్వీడన్ డాక్టర్ హైనెమన్ రాసిన వ్యాసాలతో జనంలో నాటుకుపోయింది. ఓల్వేయస్ కాదన్నాడు. చాలాసార్లు ఉండేది ఇద్దరు ముగ్గురే, మిగతా క్లాసంతా చూస్తూ ఊరుకుంటుంది. కావాలని చెయ్యడం, పదే పదే చెయ్యడం, అవతలివాడు తిరగబడలేని స్థితిలో ఉండటం, ఈ మూడూ ఉంటేనే దాన్ని బుల్లీయింగ్ అనాలన్నాడు. మనం ర్యాగింగ్ అనేది సీనియర్లు జూనియర్ల మీద చేసేది, కొన్నాళ్లకు చల్లారుతుంది. ఇది ఒకే క్లాసులో, ఒకే బెంచీ మీద ఏళ్ల తరబడి సాగొచ్చు.

1983 ప్రచారం సరంజామా చూస్తే ఇప్పుడు ముచ్చటేస్తుంది. టీచర్లకు 32 పేజీల పుస్తకం, తల్లిదండ్రులకు 4 పేజీల కరపత్రం, 25 నిమిషాల వీడియో క్యాసెట్, పిల్లలు పేరు రాయకుండా నింపే ప్రశ్నాపత్రం. 715 బడుల్లో లక్షా ముప్పై వేల మంది దాకా నింపారు. సుమారు ఏడుగురిలో ఒకరు ఈ వ్యవహారంలో ఉన్నట్టు తేలింది, బాధితుడిగానో బాధపెట్టేవాడిగానో. లావుగా ఉన్నందుకు, కళ్లజోడు పెట్టుకున్నందుకు ఏడిపిస్తారన్న నమ్మకానికి ఆధారం దొరకలేదు. పెద్ద బడి, పెద్ద క్లాసు అయితే ఎక్కువన్నదీ నిలబడలేదు. తేడా కనిపించింది మరోచోట: ఇంటర్వెల్‌లో ఆవరణలో ఎక్కువమంది టీచర్లు తిరిగే బడుల్లో వేధింపులు తక్కువ.

ఇక్కడి నుంచే కథ రెండు దారులు పట్టింది. బెర్గెన్‌లో 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లలతో ఓల్వేయస్ రెండేళ్లు పనిచేశాడు. బుల్లీయింగ్ సగానికి పడిపోయింది. అదే పుస్తకం, అదే క్యాసెట్ రోగలాండ్ జిల్లా బడులకూ వెళ్లాయి. మూడేళ్ల తర్వాత అక్కడ పరిశోధకుడు ఎర్లింగ్ రోలాండ్ లెక్క తీస్తే తగ్గలేదు సరికదా, కొన్ని చోట్ల పెరిగింది. బెర్గెన్‌లో ఎవరి బడి లెక్కలు వాళ్ల ముందు పెట్టి, టీచర్లతో కూర్చుని మాట్లాడారు. రోగలాండ్‌లో సామాను అందించి, చాలావరకు బడులకే వదిలేశారు. బెర్గెన్ విజయం ప్రపంచమంతా తిరిగింది, ఎన్నో దేశాలు ఆ కార్యక్రమాన్ని తీసుకున్నాయి. నాకైతే రోగలాండ్ నేర్పేదే ఎక్కువనిపిస్తుంది. మన దగ్గర కూడా సర్క్యులర్ వస్తుంది, నోటీసు బోర్డుకు ఎక్కుతుంది, అక్కడితో సరి.

2002లో ప్రధాని బోండెవిక్, టీచర్ల సంఘం, తల్లిదండ్రుల కమిటీ, స్థానిక సంస్థలు, బాలల అంబుడ్స్‌మన్ (పిల్లల హక్కులు చూసే అధికారి) కలిసి బుల్లీయింగ్ వ్యతిరేక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఫొటోలు బాగా వచ్చుంటాయి. పనికొచ్చింది మాత్రం 2003 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్ట నిబంధన. పిల్లాడో తల్లిదండ్రులో అడిగితే బడి లిఖితపూర్వకంగా నిర్ణయం తీసుకోవాలి, నచ్చకపోతే వాళ్లు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది. అమలుకొచ్చేసరికి భారమంతా ఇంటి మీదే పడింది. అసలు జరిగిందా లేదా అన్న వాదన దగ్గరే ఫైలు ఆగిపోయేది, ఆలోగా పిల్లాడు రోజూ అదే క్లాసుకు వెళ్లాలి.

మాజీ విద్యామంత్రి యూపెదాల్ అధ్యక్షతన వేసిన కమిటీ 2015లో ఈ లోపాలన్నీ తవ్వి తీసింది. దాని ఫలితమే 2017 ఆగస్టు 1 నుంచి విద్యా చట్టంలో అమలైన కొత్త అధ్యాయం. ఇందులో ఫిర్యాదు కోసం ఎదురుచూడటం లేదు. ఏదో తేడాగా ఉందని అనుమానం వచ్చినా టీచరు ప్రిన్సిపాల్‌కి చెప్పాలి, బడి విచారించాలి, ఏం చెయ్యబోతున్నదీ రాతపూర్వకంగా పెట్టాలి. టీచరే కాదు, బడిలో పనిచేసే ఎవరికైనా ఇదే బాధ్యత. తనకు బడిలో భద్రంగా లేదని పిల్లాడు అంటే చాలు, రుజువు చూపించమనకూడదు. ప్రిన్సిపాల్‌కి చెప్పి వారం గడిచినా దారి దొరక్కపోతే కుటుంబం నేరుగా జిల్లా గవర్నరు కార్యాలయానికి వెళ్లొచ్చు. ఆ కార్యాలయం చెప్పింది చెయ్యకపోతే బడి నడిపే స్థానిక సంస్థ మీద జరిమానా పడొచ్చు.

ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పెద్దవాళ్ల ప్రవర్తన మీదా ఇదే నియమం వర్తిస్తుంది కాబట్టి, గట్టిగా మందలించినా కేసవుతుందేమోనని టెన్షన్ పడుతున్నామని టీచర్ల సంఘాలు మొత్తుకున్నాయి. అందులో కొంత నిజముంది. బుల్లీయింగ్ మాత్రం మాయమైపోలేదు. ఏటా జరిగే విద్యార్థుల సర్వేలో కోవిడ్ తర్వాత మళ్లీ పెరిగింది కూడా. అయినా 2024 ఆగస్టులో వచ్చిన కొత్త విద్యా చట్టం ముందే చూసి ముందే చెప్పాల్సిన ఆ బాధ్యతను బడి నెత్తి మీద నుంచి దించలేదు.