చెవికి ఎకో, ఫైలుకి డ్రై: లైవ్ ఎఫెక్ట్స్‌తో రికార్డింగ్, అపోహలు - వాస్తవాలు

"అన్నా, కొంచెం ఎకో పెట్టు."

బూత్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాక గాయకుడి నోట వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే. అడిగేది నిజానికి ఎకో కాదు, రివర్బ్. కొండ ముందు అరిస్తే మాట మళ్లీ వినబడుతుంది చూడండి, అది ఎకో. గుడి మండపంలో పాడితే గొంతు ఆగిన తర్వాత కూడా కాసేపు గాల్లో నిలుస్తుంది, అది రివర్బ్. మన దగ్గర రెండూ ఎకోనే అయిపోయాయి. నేనూ దిద్దడం మానేశాను, అడిగింది పెట్టేస్తాను. ఆ తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరే అసలు తికమక: "ఇది రికార్డ్ అవుతోందా?"

అపోహ: హెడ్‌ఫోన్‌లో ఏది వినిపిస్తే అదే ఫైల్లోకి ఎక్కుతుంది

మైకు నుంచి వచ్చిన గొంతుకి రెండు దారులున్నాయి. ఒకటి గాయకుడి చెవికి, ఇంకోటి డిస్కుకి. ఎఫెక్ట్‌ని ఏ దారిలో పెట్టారన్నదే లెక్క. కింద చెప్పే గొడవలు చాలావరకు ఈ రెండు దారుల్నీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే.

ప్రోటూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ట్రాక్ ఇన్సర్ట్‌లో (ఎఫెక్ట్ తగిలించే చోటు) కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని అణిచేది) పెట్టి రికార్డ్ చేస్తే చెవికి కంప్రెసర్ వినిపిస్తుంది, ఫైలు మాత్రం డ్రైగానే, అంటే ఏ ఎఫెక్టూ లేకుండా ఉంటుంది. దాంతో సహా ఎక్కాలంటే ముందు ఆక్స్ ట్రాక్‌లోకి (రికార్డ్ చేయకుండా శబ్దాన్ని దాటించే ట్రాక్) తీసుకుని, అక్కణ్నుంచి బస్ (సాఫ్ట్‌వేర్ లోపలి దారి) ద్వారా ఆడియో ట్రాక్‌కి పంపాలి. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌లో ఇన్‌పుట్ ఛానెల్ మీద పెట్టింది ఫైల్లోకి వెళ్తుంది, ట్రాక్ మీద పెట్టింది వెళ్లదు. రీపర్‌లోనూ అంతే: ఇన్‌పుట్ ఎఫ్ఎక్స్‌లో వేసింది ప్రింట్ అవుతుంది (ఫైల్లోకి ఎక్కుతుంది), మామూలు ఎఫ్ఎక్స్‌లో వేసింది అవ్వదు. యూనివర్సల్ ఆడియో వాళ్ల అపోలో ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అయితే దీనికోసమే కన్సోల్ స్క్రీన్‌లో స్విచ్ ఉంది, "రెక్" అంటే ఫైలుకి, "మాన్" అంటే చెవికి మాత్రమే. కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నప్పుడు నేను మొదట చేసే పని పది సెకన్లు మాట్లాడి, ఎఫెక్ట్స్ అన్నీ తీసేసి, ఆ ఫైలు వినడం. మాన్యువల్ తర్వాత చదువుకోవచ్చు.

అపోహ: "రియల్‌టైమ్ ఎఫెక్ట్స్" అని ఉందంటే పాడుతుండగానే పడతాయి

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్‌లో రియల్‌టైమ్ ఎఫెక్ట్స్ చేర్చారు. అవి పనిచేసేది ప్లేబ్యాక్‌లో. ట్రాక్ మోగుతుండగా నాబ్ తిప్పితే మార్పు వెంటనే వినిపిస్తుంది, వద్దంటే తీసేయొచ్చు. మైకులోంచి లోపలికి వస్తున్న గొంతుకి మాత్రం అవి తగలవు. రివర్బ్ వింటూ పాడాలంటే వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, లేదా బయట మిక్సర్‌లోనో ఇంటర్‌ఫేస్‌లోనో ఆ సౌకర్యం ఉండాలి.

అపోహ: పవర్‌ఫుల్ కంప్యూటర్ కొంటే లేటెన్సీ పోతుంది

లేటెన్సీ అంటే పాడినదానికీ అది చెవికి వినిపించడానికీ మధ్య ఆలస్యం. అది పోదు, తగ్గించుకునే వీలు వస్తుందంతే. కంప్యూటర్ శబ్దాన్ని చుక్క చుక్కగా కాదు, చెంబులు చెంబులుగా తీసుకుంటుంది. ఆ చెంబే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల చుక్కల లెక్కన, 128 శాంపిల్స్ (చుక్కలు) బఫర్ అంటే చెంబు నిండడానికి 2.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒక చెంబు, బయటికి ఒక చెంబు, ఆ పైన కన్వర్టర్లూ (శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చేవి) డ్రైవరూ (ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) తీసుకునే సమయం. 512 పెడితే ఒక్కో చెంబుకే 10.7 మిల్లీసెకన్లు. వేగమైన ప్రాసెసర్ ఉంటే చిన్న చెంబుతోనూ చిటపటలు రాకుండా నెట్టుకొస్తుంది, కానీ చెంబు నిండే సమయాన్ని అది తగ్గించలేదు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ కాకుండా మామూలు డ్రైవర్ మీద నడిపితే, ఎంత ఖరీదైన మెషీన్ అయినా దండగే.

"పది మిల్లీసెకన్లదేముంది, స్టేజి మీద మృదంగం అంత దూరంలోనే ఉంటుంది కదా" అని వాదించేవాళ్లున్నారు. లెక్క తప్పు కాదు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి పది మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్లు. గిటారిస్టుకీ కీబోర్డ్ వాయించేవాడికీ ఆ వాదన చాలావరకు నడుస్తుంది. పాడేవాళ్ల దగ్గర చెల్లదు. వాళ్ల గొంతు వాళ్లకి తల ఎముకల్లోంచి అప్పటికప్పుడే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్‌లో వచ్చేది దానికి కాస్త వెనకాల వచ్చి కలుస్తుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా 3 మిల్లీసెకన్లయితే 167, 500, 833 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. గాయకుడు ఈ అంకెలు చెప్పడు. "నా గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది" అంటాడు, లేకపోతే ఏమీ అనకుండా ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరుపుకుంటాడు. గాజు అవతల్నుంచి అది కనబడగానే నేను బఫర్ చూస్తాను.

బఫర్ బాగానే ఉండి కూడా డబ్బా శబ్దం పోకపోతే, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటనూ (మైకు శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవికి ఇచ్చేది) సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగూ రెండూ ఆన్ చేసి ఉంటారు. ఒకే గొంతు రెండుసార్లు వస్తోందన్నమాట. నా అలవాటు ఏంటంటే, డ్రై గొంతుని డైరెక్ట్ మానిటర్ నుంచి ఆలస్యం లేకుండా ఇస్తాను. రివర్బ్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్ నుంచి, పూర్తిగా తడి చేసి (అసలు గొంతు కలపకుండా) ఇస్తాను. అది ఆరేడు మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తేడా తెలియదు, ఎందుకంటే నిజం హాల్లో కూడా గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం అంతకంటే ఆలస్యంగానే వస్తుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ తెచ్చుకుంటానంటే మాత్రం గుమ్మంలోనే ఆపేస్తాను. అందులో మామూలుగా వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది.

అపోహ: ప్లగిన్ డిలే కాంపెన్సేషన్ ఉంది కదా, అదే సరిచేస్తుంది

ప్లగిన్ అంటే సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఎఫెక్ట్. ఈ కాంపెన్సేషన్ ముందే రికార్డయి ఉన్న ట్రాకులకి పనిచేసే ఏర్పాటు. ఒక ట్రాక్ మీది ప్లగిన్ ఆలస్యం చేస్తే మిగతా ట్రాకులన్నింటినీ దాని కోసం ఆపుతుంది. ఇప్పుడు పాడుతున్న గొంతుని ఎక్కణ్నుంచి ముందుకి తెస్తుంది? ఇంకా పాడని ముక్కని ఏ సాఫ్ట్‌వేరూ వినలేదు. అందుకే రికార్డింగ్ సమయంలో లీనియర్ ఫేజ్ ఈక్యూలు, లుక్‌అహెడ్ లిమిటర్లు లాంటి ఎక్కువ ఆలస్యం చేసే ప్లగిన్లని మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీంచి కూడా తీసేయాలి. లాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో లో లేటెన్సీ మోడ్ నొక్కితే అలాంటివాటిని అదే పక్కకి పెడుతుంది.

అపోహ: ఇన్‌పుట్‌లో లిమిటర్ పెట్టుకుంటే పీక్ అవ్వదు

ప్లగిన్ లిమిటర్ (హద్దు దాటే శబ్దాన్ని అణిచేది) కూర్చునేది కన్వర్టర్ తర్వాత. గొంతు చిట్లేది కన్వర్టర్ దగ్గరే. అంటే చిట్లిన గొంతునే లిమిటర్ నున్నగా ప్యాక్ చేసి ఇస్తుంది, మీటర్ ఎర్రబడకపోయేసరికి ఎవరికీ అనుమానం రాదు. ఇది మామూలు క్లిప్పింగ్ (శబ్దం చిట్లడం) కంటే ప్రమాదం. ఫైలు 32 బిట్ ఫ్లోట్‌లో (ఎంత పెద్ద శబ్దాన్నైనా చిట్లకుండా దాచే రకం) పెట్టుకున్నా మీ ఇంటర్‌ఫేస్ కన్వర్టర్ 24 బిట్‌దైతే ఒరిగేదేమీ లేదు. రెండు కన్వర్టర్లు కలిసి పనిచేసే ఫీల్డ్ రికార్డర్ల సంగతి వేరు.

దీనికి మందు చవకైనదే: గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) తగ్గించండి. గట్టిగా అందుకున్న చోట కూడా మైనస్ 12 డీబీ దాటకుండా ఉంటే చాలు. టేపు రోజుల్లో కింది నుంచి హిస్ వస్తుందని లెవెల్ పైకి నెట్టేవాళ్లు. 24 బిట్‌లో సిద్ధాంతం ప్రకారం 144 డీబీ రేంజ్ ఉంది, మంచి కన్వర్టర్లు 120 దాకా ఇస్తాయి. పన్నెండు డీబీ వదిలేస్తే పోయేదేమీ లేదు.

అపోహ: మైకులు ఎక్కువైతే గేట్లు వేసి రికార్డ్ చేస్తే నీట్‌గా వస్తుంది

దీనికి నేను ఫీజు కట్టాను. ఓ బుర్రకథ దళాన్ని చిన్న హాల్లో రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, చేతికి అందెలు. అటూ ఇటూ రాజకీయ వంత, హాస్య వంత, ఇద్దరికీ గుమ్మెటలు. గొంతులకి మూడు, గుమ్మెటలకి రెండు, తంబురకి ఒకటి, హాల్లో రెండు, మొత్తం ఎనిమిది మైకులు, ఎనిమిది ట్రాకులు. వాళ్లని విడదీసి బూత్‌లలో కూర్చోబెడితే కథ చచ్చిపోతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి, మాట అందించుకోవాలి, నవ్వుకోవాలి. కాబట్టి ఒకే చోట, పక్కపక్కనే.

గుమ్మెట మోత వంతల గొంతు మైకుల్లోకి దూకుతోంది. తర్వాత ఎవరు కూర్చుని శుభ్రం చేస్తారని ఆ రెండు మైకులకీ గేటు (శబ్దం చిన్నగా ఉన్నంతసేపూ మైకుని మూసి ఉంచే ఎఫెక్ట్) వేసి, ఇన్‌పుట్‌లోనే ప్రింట్ చేశాను. హెడ్‌ఫోన్‌లో చక్కగా ఉన్నట్టే అనిపించింది. రాత్రి ఇంటికెళ్లాక ఒక్కో ట్రాకూ సోలో చేసి విన్నాను. వంత "తందాన తాన" అన్న ప్రతిసారీ "అందాన తాన" అని వినిపిస్తోంది. గేటు తెరుచుకునేలోపు మొదటి "త" గడప బయటే ఉండిపోయింది. పైగా గుమ్మెట మీద గట్టి దెబ్బ పడితే అదే గేటు తెరుచుకుని, కథకుడి గొంతు కూడా అందులోంచి లోపలికి వచ్చేస్తోంది. దాంతో ఆయన స్వరం ఒకసారి దగ్గరగా, ఒకసారి గదిలో దూరంగా, దెబ్బదెబ్బకీ రంగు మారుతోంది. డ్రై కాపీ లేదు. మర్నాటికి దళం వేరే ఊళ్లో కథ ఒప్పుకుని ఉంది. హాల్ మైకుల్లోంచి "త"లు ఏరి తెచ్చి అతకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

గేటు తర్వాత వేసుకోవచ్చు, అప్పుడు ముందుకి చూసే సౌకర్యం కూడా ఉంటుంది. రికార్డింగ్‌లో చేయాల్సింది మైకుల చోటు చూసుకోవడం. మైకు గొంతుకి ఒక జానెడు దూరంలో ఉంటే, పక్క మైకు ఆ మైకుకి కనీసం మూడు జానల దూరంలో ఉండాలి. మైకు వినని వైపు గుమ్మెటకి తిరిగి ఉండాలి. ఈ రెండూ చేస్తే ఏ ప్లగిన్ అవసరమూ పడనంత తేడా వస్తుంది.

అపోహ: ట్రాక్‌కో రివర్బ్ ఉండాలి

ఎనిమిది ట్రాకులకి ఎనిమిది రివర్బ్‌లు పెడితే కంప్యూటర్ మూలుగుతుంది, బఫర్ పెంచాల్సి వస్తుంది, మళ్లీ లేటెన్సీ. ఒక్క ఆక్స్‌లో ఒక్క రివర్బ్ పెట్టి అందరి నుంచీ సెండ్ (ట్రాక్ శబ్దాన్ని కొంత అటు పంపే దారి) ఇవ్వండి. అందరూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపించడం అదనపు లాభం.

అపోహ: ఆటోట్యూన్ వింటూ పాడితే తర్వాత పని తగ్గుతుంది

ఆంటారెస్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది, లైవ్‌లో వాడుకునే వెర్షన్లూ ఉన్నాయి. అది పాటలో ఒక ఎఫెక్ట్‌గా, రోబో గొంతులా కావాలనుకుంటే వింటూ పాడటమే మేలు, ఆ విరుపులకి తగ్గట్టు గాయకుడు ఆడుకుంటాడు. తప్పు దిద్దడానికైతే వద్దు. చెవికి దిద్దిన స్వరం వెళ్తుంటే అసలు గొంతు ఎటు జారుతోందో పాడేవాడికి తెలియదు, ఇంకా జారతాడు. ఇక గమకం సంగతి చెప్పక్కర్లేదు. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక మెట్టు మీద కూర్చోబెట్టడమే ఆ ప్లగిన్ పని. అది ప్రింట్ అయితే తిరిగి ఊగించలేరు.

అపోహ: ప్రొఫెషనల్స్ ఎప్పుడూ డ్రైగానే రికార్డ్ చేస్తారు

ఇంతసేపూ ప్రింట్ చేయొద్దని చెప్పి ఇప్పుడు మాట మారుస్తున్నాననుకోకండి. టేపు మీద నాలుగే ట్రాకులున్న కాలంలో కంప్రెసర్, ఈక్యూ, ఒక్కోసారి రివర్బ్ కూడా కలిపే ఎక్కించేవాళ్లు. స్టూడియోలో ఉన్న ఒక్క కంప్రెసర్‌ని ఇప్పుడు గొంతుకి వాడేస్తే రేపు మిక్సింగ్‌లో ఇంకోదానికి దొరుకుతుంది. 1957లో జర్మనీ నుంచి వచ్చిన ఈఎంటీ 140 ప్లేట్ రివర్బ్ (రేకు కంపనంతో రివర్బ్ తెచ్చే యంత్రం) ఒక్కటే రెండు క్వింటాళ్లు దాటి తూగేది, ట్రాక్‌కి ఒకటి పెట్టుకోవడం అయ్యే పని కాదు. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 లాంటి కంప్రెసర్‌ని ఈ రోజుకీ చాలామంది కన్వర్టర్‌కి ముందే పెట్టి, రెండు మూడు డీబీ అణిచి ఎక్కిస్తారు. నేనూ అంతే. హార్డ్‌వేర్ ముందు ఉంటుంది కాబట్టి పీక్‌ని నిజంగా ఆపుతుంది, గాయకుడు కూడా ఆ ఒత్తిడికి తగ్గట్టు పాడతాడు.

గిటార్ దగ్గర ఇది ఇంకా స్పష్టం. డిస్టార్షన్ లేకుండా వాయించమంటే ఆ వేళ్లు అలా నడవవు. డిలే పెడితే వాయించేవాడు ఆ డిలే మధ్యలో ఖాళీలు వదులుతూ వాయిస్తాడు. అక్కడ ఎఫెక్టూ వాద్యంలో భాగమే. అందుకని గిటారిస్టుకి నచ్చిన సౌండే ఎక్కిస్తాను, పక్కనే డీఐ బాక్స్ (గిటార్‌ని ఆంప్ లేకుండా నేరుగా రికార్డింగ్‌కి కలిపేది) నుంచి డ్రై తీగ శబ్దం ఇంకో ట్రాక్‌లోకి తీసుకుంటాను. రేపు వద్దనుకుంటే ఆ డ్రైని మళ్లీ ఆంప్‌లోకి పంపొచ్చు.

మా సెషన్లలో ఆ రెండు ట్రాకుల పేర్లు "తడి", "పొడి". మొన్నొక కుర్రాడు పని అయ్యాక ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్లు కాపీ చేసుకుంటూ, "అన్నా, ఈ పొడిది ఖాళీగా కీచుమంటోంది, తీసేయనా, జాగా వస్తుంది" అన్నాడు. జాగా కోసం నా పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాను.