పిన్ మారిస్తే కరెంటు మారదు

"పిన్ మార్చే పెట్టాం కదండీ, మరెందుకు కాలిపోయింది?" సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే నాకు ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అమెరికా నుంచి పిల్లలు సెలవులకు వచ్చి వెళ్లాక మరీ ఎక్కువ.

అపోహ: అడాప్టర్ తగిలిస్తే ఏ దేశం కంప్యూటరైనా ఇక్కడ నడుస్తుంది.

వాస్తవం: ఆ ముక్క ప్లగ్గు కాళ్ల ఆకారం మారుస్తుంది, అంతే. అమెరికాలో గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, మన దగ్గర 230. ల్యాప్‌టాప్‌కి టెన్షన్ లేదు, చార్జర్ మీద సన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 అని ఉంటుంది, రెండు చోట్లా పనిచేస్తుంది. చిక్కంతా డెస్క్‌టాప్‌తోనే. పాత ఎస్‌ఎంపీఎస్ (సీపీయూలో కరెంటు అందించే డబ్బా) వెనకాల, వైరు గుచ్చే చోటు పక్కన, 115కీ 230కీ మార్చే గోరంత ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా ఇక్కడ ప్లగ్గులో పెట్టారా, ఒక్క 'ఠప్', ఆ వెంటనే కాలిన వాసన. కొత్తవాటిలో చాలావరకు స్విచ్ లేకుండానే 100-240 తీసుకుంటాయి, అలాగని స్విచ్ లేనివన్నీ అంతే అనుకోకండి, 115 అని మాత్రమే రాసి ఉన్నవీ నా బల్ల మీదికి వచ్చాయి. లేబుల్ చదవండి. కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

ఒక రిటైర్డ్ మాస్టారు సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. "మా వాడికి చెప్పకు బాబూ, అంత దూరం నుంచి మోసుకొచ్చాడు" అన్నారు ముందే. విప్పి చూస్తే ఫ్యూజు గాజు నల్లబడింది, కెపాసిటర్ నెత్తి పగిలింది. ఆయన బెంగంతా మనవడి ఫొటోల గురించే. హార్డ్ డిస్కుకి ఏమీ కాలేదని చూపించాకే కుర్చీలో కూర్చున్నారు.

ఇంకొందరిది దీనికి పూర్తిగా ఉల్టా: ల్యాప్‌టాప్‌కి కూడా వోల్టేజీ తగ్గించే పెట్టె, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. దండగ. అది కావాల్సింది 120 మాత్రమే తీసుకునే లేజర్ ప్రింటర్లకి, స్పీకర్లకి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చిన్న కన్వర్టర్ని మాత్రం కంప్యూటర్‌కి పెట్టకండి.

ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? రెండు పిన్నుల వల్ల ఎర్త్ అందట్లేదు. చార్జర్ వైరు ఊడివచ్చే రకమైతే మన మూడు పిన్నుల వైరు వేసుకోండి, అడాప్టర్ గొడవే ఉండదు.

కస్టమ్స్‌లో లాగేసుకుంటారట! 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు ఉండాలని కేంద్రం అన్నప్పటి వాట్సాప్ పుకారు ఇంకా తిరుగుతోంది. ప్రయాణికుల బ్యాగేజీకి అది అప్పుడూ వర్తించలేదు. 18 నిండినవాళ్లు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, డెస్క్‌టాప్‌కి ఆ వెసులుబాటు లేదు. వారంటీ అంటారా, కంపెనీని బట్టి, మోడల్ని బట్టి ఉంటుంది, కొనేముందే అడిగి బిల్లు దాచుకోండి.

ఇప్పటికే 'ఠప్' మని ఉంటే ఇంకో ప్లగ్గులో పెట్టి చూడకండి. వైరు పీకేసి పట్టుకురండి, చాలాసార్లు పోయేది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే.