గుండు టైరుకి పట్టు ఉండదా? రేసింగ్ మీద నేను రోజూ వినే అపోహలు

నేను రేస్ టీమ్‌లో టైర్ల పని చేస్తా. రిమ్ముకి ఎక్కించడం, గాలి చెక్ చేయడం, వాడేసినవి గీకి ఎంత అరిగాయో చూడటం, ఇదే డ్యూటీ. ఈ సంగతి తెలియగానే అందరూ ముందు అడిగేది ఒకటే, ఆ గుండు టైర్లతో అంత స్పీడ్‌లో పోతే జారిపోరా అని. మన బండికి బటన్ అరిగితే టైర్ మార్చమంటారు కదా, వీళ్ళకి కొత్తదే గుండుగా ఇస్తున్నారేంటి అని.

అసలు బటన్ ఉండేది ప్రధానంగా నీళ్ళ కోసమండీ. తడి రోడ్డు మీద నీళ్ళు ఆ గాడుల్లోంచి బయటికి పోతాయి, పోకపోతే టైరు నీళ్ళ మీద తేలిపోతుంది. పొడి ట్రాక్ మీద గాడి అంటే రోడ్డుకి తగలని జాగా, అంతే. గుండు టైరుని మేం స్లిక్ అంటాం, అది మొత్తం ఆనుకుంటుంది, పైగా ఆ రబ్బరు వేడెక్కేకొద్దీ జిగురుగా అయ్యి పట్టేస్తుంది. అలాగని మీ బండి టైర్ అరిగి గుండైతే అది స్లిక్ అయిపోదు, రబ్బరే వేరు, దయచేసి మార్చుకోండి. వాన పడిందా, కథ రివర్స్. ఫార్ములా వన్‌లో జోరు వానకి వేసే గాడుల టైరు, ఫుల్ వెట్ అంటారు, గంటకి 300 కిలోమీటర్ల స్పీడ్‌లో సెకనుకి 85 లీటర్ల దాకా నీళ్ళు చిమ్మేస్తుందని టైర్లు చేసే పిరెల్లి కంపెనీ లెక్క, ఒక్క టైరే!

యాక్సిడెంట్ లాంటిది జరిగితే అందరినీ మెల్లగా నడిపించడానికి ముందు పోయే సేఫ్టీ కార్ వెనకాల పాములా మెలికలు తిరిగేది కూడా స్టైల్ కాదు, టైరు చల్లారకుండా, అంటుకున్న చెత్త ఊడిపోవాలని.

ఆ చెత్త గురించి కాస్త చెప్పాలి. టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు రేసింగ్ లైన్ (అందరూ వేగంగా పోయే దారి) పక్కన పోగవుతాయి, మార్బుల్స్ అంటాం. వేడి టైరు వాటి మీదుగా వెళ్తే అన్నీ అతుక్కుంటాయి, రేస్ అయ్యాక నా దగ్గరికి వచ్చే టైరు నల్ల పకోడీలా ఉంటుంది. హీట్ గన్‌తో వెచ్చబెట్టి, రేకుతో గీకి, టైరు మీదుండే చిన్న చిన్న రంధ్రాల్లో గేజ్ దింపి లోతు చూస్తాం. రేస్ ముగిసి జెండా పడ్డాక డ్రైవర్ ఆ లైన్ వదిలేసి పక్కపక్కన మెల్లగా పోతుంటే అభిమానులకి చెయ్యి ఊపడానికి అనుకుంటారు. ఊపుతాడులెండి, కానీ పనిలో పనిగా ఆ ముక్కలన్నీ ఏరుకుంటున్నాడు, ఎందుకంటే రేస్ తర్వాత కారుని తూకం వేస్తారు, కనీస బరువుకి తగ్గకూడదు, అతుక్కున్న రబ్బరూ లెక్కలోకి వస్తుంది.

నమ్మకం కుదరకపోతే 2024 బెల్జియం రేస్ చూడండి. స్పాలో జార్జ్ రస్సెల్ టైర్లు మార్చడానికి ఒక్కసారే ఆగి (ఆ ఆగడమే పిట్ స్టాప్) లాగించి గెలిచాడు, తీరా తూకంలో కారు 796.5 కిలోలే వచ్చింది. అప్పటి రూల్ ప్రకారం కనీసం 798 ఉండాలి. కిలోన్నర తేడాకి గెలుపు పోయింది, హామిల్టన్ విన్నర్ అయ్యాడు. ఒకే సెట్ మీద అన్ని ల్యాపులు తిరిగితే రబ్బరు బాగా అరుగుతుంది, పైగా స్పా ఏడు కిలోమీటర్ల ట్రాక్, అక్కడ జెండా పడ్డాక ఇంకో ఫుల్ ల్యాప్ తిరగరు, మరి ముక్కలు ఏరుకునేది ఎక్కడ?

ఇంకోటి, 2005లో అమెరికాలోని ఇండియానాపోలిస్ ఫార్ములా వన్ రేస్. డ్రైవర్లు భయపడి పారిపోయారని ఇప్పటికీ అంటారు. ఆఖరి మలుపు వాలుగా ఉంటుంది, అక్కడి లోడ్‌కి మిషెలిన్ టైర్లు ప్రాక్టీస్‌లోనే ఫెయిలయ్యాయి, సేఫ్ అని కంపెనీయే హామీ ఇవ్వలేకపోయింది. ఆ ఏడాది రూల్ ప్రకారం క్వాలిఫైయింగ్‌కీ (ఎవరు ఏ ప్లేస్ నుంచి స్టార్ట్ అవ్వాలో తేల్చే రౌండ్) రేస్‌కీ కలిపి ఒకటే సెట్, మార్చుకుందామన్నా కుదరదు. స్టార్ట్‌కి ముందు మెల్లగా తిరిగే ఫార్మేషన్ ల్యాప్ కాగానే 14 కార్లు పిట్‌లోకి వెళ్ళిపోయాయి, మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ వేసుకున్న ఆరు. మన దేశం డ్రైవర్ నరేన్ కార్తికేయన్ నాలుగో ప్లేస్ ఆ రేస్‌లోదే.

గాలి ఒత్తిడితో కారుని నేలకి నొక్కే రెక్కని వింగ్ అంటారు. పెద్ద వింగ్ పెడితే కారు స్లో అనేది సగం నిజం. మెక్సికో సిటీ ట్రాక్ 2,200 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, మలుపులెక్కువ ఉండే మొనాకోలో పెట్టేంత పెద్ద వింగ్స్ పెట్టినా కారు దూసుకుపోతుంది. 2016లో బొట్టాస్ అనే డ్రైవర్ అక్కడే గంటకి 372.5 కిలోమీటర్లు తాకాడు.

1976లో డ్రైవర్ నికీ లాడాకి అయిన యాక్సిడెంట్ వల్లే ఫార్ములా వన్ జర్మనీలోని పాత నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ వదిలేసిందంటారు, అదీ కరెక్ట్ కాదు. ఆ ఏటి రేసే అక్కడ ఆఖరిదని ముందే దాదాపు ఖాయం, 22 కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్‌కి ప్రతి మలుపు దగ్గరా మనుషుల్ని, అంబులెన్సుల్ని పెట్టడం ఎవరివల్లా కాలేదు. లాడా ఆరు వారాల్లో ఇటలీలోని మోంజాలో మళ్ళీ కారెక్కి నాలుగో వాడిగా వచ్చాడు, నాకు ఇప్పటికీ అర్థంకాని మనిషి.

ఇక పిట్ స్టాప్. పెట్రోల్ కూడా పోస్తారా అంటే, 2010 నుంచి రేస్ మధ్యలో పోయడం బంద్. చక్రానికి నట్టు ఒక్కటే, ముగ్గురు మనుషులు, అందుకే 2023 ఖతార్‌లో మెక్‌లారెన్ 1.80 సెకన్లలో నాలుగూ మార్చేసింది. మా చిన్న సిరీస్‌లో అంత సీన్ లేదు గానీ, నేను కొత్తలో ఒకసారి వానలో తొందరపడి వెట్ టైర్లు కుడీ ఎడమా తారుమారు చేసి బిగించా. గాడులు ఉల్టా అయ్యి నీళ్ళు బయటికి పోయే బదులు లోపలికే తోస్తున్నాయి, మావాడు మొదటి మలుపులోనే తిరిగిపోయాడు. అప్పటినుంచి ప్రతి వెట్ టైరు మీదా తెల్ల మార్కర్‌తో అరచెయ్యంత బాణం గీస్తా, ఎవడు నవ్వినా సరే.